వోల్వో 144 ఆటోమేటిక్: సింహాచలం కొండ మీద కిక్‌డౌన్ పడట్లేదు

సాగర్‌నగర్ వోల్వో:
నాన్నగారు ఎంబసీ వాళ్లు వాడి వదిలేసిన 1972 వోల్వో 144 కొన్నారు, ఇప్పుడు నా నెత్తిన పడింది. బోర్గ్ వార్నర్ 35 గేర్‌బాక్స్, మూడు గేర్లు. ఈమధ్య కార్బురేటర్ ఓవరాలింగ్ చేయించాను, అప్పటినుంచీ మొదలైంది గోల. గేర్లు మరీ తొందరగా మారిపోతున్నాయి, రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు ఇంజిన్ ఒక్క క్షణం ఊరికే రేజ్ అయి ఆ తర్వాత అందుకుంటోంది. ఆదివారం అమ్మని ఎక్కించుకుని సింహాచలం కొండ ఎక్కుతుంటే, పెడల్ నేలకి ఆనించినా కింది గేర్‌కి రాలేదు (కిక్‌డౌన్ అంటే అదే), వెనక బస్సువాడి హారన్ ఇంకా చెవుల్లో మోగుతోంది. ఒక మెకానిక్ గేర్‌బాక్స్ దించాలన్నాడు, ఇంకొకాయన మాన్యువల్ పెట్టించేయమన్నాడు. కిక్‌డౌన్ కేబుల్ సర్దితే సరిపోతుందా? ఎన్ని చుట్లు తిప్పాలి?

మర్రిపాలెం మెర్సిడెస్:
బ్రో, పెడల్ కింద కిక్‌డౌన్ స్విచ్ ఉంటుంది చూడు. నా డబ్ల్యూ123కి అదే పోయింది, వైరు సరిచేస్తే పని అయిపోయింది.

గాజువాక పాత బళ్లు:
పైన బ్రదర్ చెప్పింది ఆయన బండికి కరెక్టే, కానీ బోర్గ్ వార్నర్ 35కి ఆ స్విచ్ లేదండీ. ఇందులో కార్బురేటర్ నుంచి గేర్‌బాక్స్‌లోకి ఒక కేబుల్ దిగుతుంది, లోపల క్యామ్‌ని తిప్పుతుంది. దాన్ని అందరూ కిక్‌డౌన్ కేబుల్ అంటారు గానీ అసలు పని ఆయిల్ ప్రెషర్ పెంచడం. మీరు పెడల్ ఎంత తొక్కారో గేర్‌బాక్స్‌కి తెలిసేది దానివల్లే. కేబుల్ వదులైతే మీరు మెల్లగా వెళ్తున్నారనుకుని ప్రెషర్ తక్కువ ఇస్తుంది, గేర్లు తొందరగా మారతాయి, గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌లు జారతాయి. ఆ రేజింగ్ అదే. అలాగే తిప్పుకుంటూ పోతే క్లచ్‌లు కాలిపోతాయి, అప్పుడు ఆ మొదటి మెకానిక్ చెప్పిందే నిజమవుతుంది. కాబట్టి సర్దేదాకా కొండలు వద్దు.

చుట్ల లెక్కతో పని జరగదు. ముందు ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) సెట్ చేయండి, ఎందుకంటే తర్వాత ఐడిల్ స్క్రూ ముట్టుకుంటే కేబుల్ కొలత మళ్లీ మారిపోతుంది. తర్వాత ఇంజిన్ ఆపేసి, ఒకరు లోపల పెడల్ మొత్తం తొక్కి పట్టుకుంటే మీరు బానెట్ దగ్గర నిలబడి థ్రాటిల్ (కార్బురేటర్‌లో గాలి వెళ్లే తలుపు) నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఆ తర్వాత కేబుల్ లోపలి తీగ మీద నొక్కి బిగించిన చిన్న స్టాప్ ఉంటుంది, ఐడిల్‌లో అది బయటి మరల గొట్టానికి దాదాపు ఆనుకోవాలి. సందు పావు మిల్లీమీటరుకి కాస్త పైన ఉంటే చాలు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) పెట్టి చూసుకోండి. అంతకన్నా ఎక్కువ ఉన్నా, సందే లేకుండా తీగ వదులుగా వేలాడుతున్నా లాక్‌నట్ వదులు చేసి గొట్టాన్ని సర్దాలి. మరీ బిగించేస్తే గేర్లు ఆలస్యంగా, ధడేలుమని పడతాయి.

భీమిలి రోడ్డు:
గాజువాక గారు అన్నీ చెప్పారు, నేనొక్కటే కలుపుతా. మనది సముద్రపు గాలి ఊరు, తీగ లోపల తుప్పు పట్టి పట్టేస్తుంది. పైన సర్ది లాభం లేదు, తీగ లాగి వదిలిన వెంటనే తనంతట తానే వెనక్కి రావాలి. ఆ స్టాప్ ఎవరైనా జరిపి ఉంటే దాన్ని నమ్మకండి. అప్పుడు గేర్‌బాక్స్‌కి ప్రెషర్ గేజ్ పెట్టి చూడాల్సిందే. చక్రాలకి అడ్డం పెట్టి, బ్రేక్ గట్టిగా తొక్కి, డ్రైవ్‌లో పెట్టి, ఐడిల్ నుంచి 500 ఆర్‌పీఎం పెంచితే ప్రెషర్ 15 నుంచి 20 పీఎస్‌ఐ పెరగాలి. ఎక్కువసేపు పట్టుకోవద్దు, కొన్ని సెకన్లే. ఆయిల్ లెవెల్ కూడా చూశారా? కాలిన వాసన వస్తోందా?

సాగర్‌నగర్ వోల్వో:
అందరికీ థాంక్స్ అండీ. ఆయిల్ ఎర్రగానే ఉంది, కాలిన వాసన లేదు, బతికాను. నిన్న సాయంత్రం మా బావమరిదిని లోపల కూర్చోబెట్టి చూశాను. సిగ్గు వదిలేసి చెప్తున్నా, కొత్తగా వేయించిన మందపాటి మ్యాట్ వల్ల పెడల్ కిందిదాకా వెళ్లట్లేదు! అది తీసేశాక థ్రాటిల్ మొత్తం తెరుచుకుంది. కానీ ఐడిల్‌లో స్టాప్ దగ్గర సందే లేదు, తీగ వదులుగా వేలాడుతోంది, ఓవరాలింగ్ అప్పుడు ఐడిల్ తగ్గించి కేబుల్‌ని పట్టించుకోలేదన్నమాట. సర్దాను. ఇప్పుడు బీచ్ రోడ్డు మీద రెండు నుంచి మూడుకి శుభ్రంగా పడుతోంది, కైలాసగిరి మలుపుల్లో తొక్కితే కింది గేర్ వెంటనే వచ్చింది. కొండలు వద్దన్నారు గానీ ఆగలేకపోయాను గురూ.

ఒకటి మాత్రం తేడాగా ఉంది, ఆగి ఉన్నప్పుడు రివర్స్‌లో పెడితే చిన్న కుదుపు వస్తోంది. ఇది ముందూ ఉండేదా అని గుర్తు రావట్లేదు.

గాజువాక పాత బళ్లు:
ఐడిల్ ఎంత ఉంది?