చీరల సేల్స్ నుంచి విజువల్ మర్చండైజర్ పనికి మారవచ్చా?

ప్రశ్న:
విజయవాడలోని ఒక పెద్ద వస్త్ర దుకాణంలో చీరల సేల్స్‌లో పనిచేస్తున్నాను. డిస్‌ప్లే విభాగంలో విజువల్ మర్చండైజర్‌కు (కొనేవారిని ఆకట్టుకునేలా సరుకును అమర్చేవారికి) సహాయకుడిగా వస్తావా అని మా యాజమాన్యం అడిగింది. నేను డిజైన్ చదువుకోలేదు. బొమ్మలకు చీరలు కట్టి అద్దాల వెనుక నిలబెట్టడమే ఈ పని అయితే ఇందులో ఎదుగుదల ఎంతవరకు ఉంటుందో, రోజువారీ పని ఎలా ఉంటుందో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
తప్పకుండా మారండి. ఏ చీరను చూసి చేయి చాపుతారో, దేన్ని విప్పించి వదిలేస్తారో కౌంటర్ దగ్గర నిలబడినవారికే బాగా తెలుస్తుంది. అయితే పని వేళల గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. పెద్ద మార్పులన్నీ షట్టర్ దించాకే చేయాలి. ఆషాఢం తగ్గింపు బోర్డులు రాత్రి దించితే, మర్నాడు తలుపులు తీసేసరికి శ్రావణమాసపు పట్టుచీరలు సిద్ధంగా ఉండాలి.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూనే, లైటింగ్‌ను శ్రద్ధగా నేర్చుకోమని నా సలహా. కొనేవారు చీరను గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుగులో చూసుకుంటున్నారంటే, లోపలి దీపాల కింద రంగుపై వారికి నమ్మకం కుదరలేదన్నమాట. 3000 కెల్విన్ల (కాంతి రంగు ఛాయకు కొలమానం) వెచ్చని పసుపు కాంతిలో జరీ చక్కగా మెరుస్తుంది గాని, ముదురు నీలానికీ నలుపుకూ తేడా తెలియదు. సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో తెలిపే, గరిష్ఠంగా 100 ఉండే సూచిక) 90 దాటిన దీపాలు వాడితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఒకే పట్టుచీరను వారాల తరబడి దీపం కింద ఉంచితే మడత బయటి భాగం వెలిసిపోతుంది కనుక తరచుగా మార్చాలి. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ పల్లూ పట్టు కాబట్టి పల్లు పరచకపోతే దాని అందం కనిపించదు. కుచ్చిళ్లను లోపలివైపు నుంచే పిన్ చేయండి. జరీని గుచ్చితే ఆ చీర ఇక అమ్మకానికి పనికిరాదు.

జవాబు 3:
స్టోర్ మేనేజర్‌గా ఒక మాట జోడిస్తాను. బ్రాండ్ దుకాణాల్లో ప్రధాన కార్యాలయం పంపిన ప్లానోగ్రామ్ (ఏ సరుకు ఎక్కడ పెట్టాలో చూపే పటం) ప్రకారమే సర్దాలి. సొంత దుకాణాల్లో స్వేచ్ఛ ఎక్కువే గాని, ఉన్న సరుకంతా కనబడాలనే యజమానిని ఒప్పించడం కష్టం. పై స్థాయికి ఎదగాలంటే కొలతలతో లేఅవుట్ గీయడం నేర్చుకోక తప్పదు. హైదరాబాద్‌లోని నిఫ్ట్‌లో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థలో) ఫ్యాషన్ కమ్యూనికేషన్ చదివేవారికి ఈ విషయాలు బోధిస్తారు. మీలా పనిలో ఉన్నవారు లేఅవుట్‌ను త్రీడీలో గీసే స్కెచ్‌అప్ వంటి సాఫ్ట్‌వేర్‌ను సొంతంగానైనా నేర్చుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. బొమ్మకు కట్టిన చీరే కావాలని కొనేవారు పట్టుబడితే ఏం చేయాలి?

జవాబు 3:
విప్పి ఇచ్చేయాలి, ఆలోచించకండి. అందుకే కట్టే ముందు స్టాక్ చూసి, అదే డిజైన్‌లో మరికొన్ని చీరలు ఉన్నవాటినే ఎంచుకుని, వాటిని ఆ బొమ్మ పక్క ర్యాక్‌లోనే ఉంచండి.