ఇంజిన్ విప్పాం, పాత బేరింగులే మళ్లీ వేయొచ్చా?

ఖమ్మం_ఇండికా:
డీజిల్ ఇండికా, 2,80,000 కి.మీ. తిరిగింది. పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది. రింగులు మార్చడానికి ఇంజిన్ దించాం. మేస్త్రి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగులు చూసి "బాగానే ఉన్నాయి, ఇవే వేసేద్దాం" అంటున్నాడు. ట్యాక్సీ మీదే ఇల్లు నడుస్తోంది, చేతిలో డబ్బు తక్కువ. ఏం చేయమంటారు?

గుంటూరు_లారీ:
వేసెయ్యి తమ్ముడూ. కింద నుంచి శబ్దం లేదు, ఆయిల్ లైట్ వెలగలేదు అంటే ముట్టుకోవద్దు. ఇన్నేళ్లు సెట్టయి తిరిగిన జత అది. కొత్త బేరింగులు వేశాక పట్టేసిన ఇంజిన్లు రెండు చూశాను.

ఆటోనగర్_లేత్:
అన్నా, కొలవకుండా వేస్తే కొత్తవైనా పట్టేస్తాయి. క్రాంక్ గ్రైండ్ చేయించి 0.25 మి.మీ. అండర్‌సైజ్ (సన్నబడ్డ క్రాంక్‌కి సరిపోయే మందపాటి) బేరింగుల బదులు స్టాండర్డ్ వేసినా, క్యాపులు (బేరింగును బిగించే మూతలు) తారుమారైనా, గ్రైండింగ్ పొడి ఆయిల్ రంధ్రాల్లో ఉండిపోయినా అంతే. అది బేరింగు తప్పు కాదు.

తమ్ముడూ, ఒక్కో బేరింగు రెండు అర ముక్కలుగా ఉంటుంది. కాన్‌రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) బేరింగు పై ముక్క చూడు, పేలుడు దెబ్బ దాని మీదే పడుతుంది. మెయిన్లలో (క్రాంక్‌ని బ్లాకులో మోసే బేరింగులు) అయితే కింది ముక్క. బూడిద రంగు పూత అరిగి రాగి కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. మెత్తటి పూత కాబట్టి నలకలు అందులో దిగబడి ఉంటాయి, పైకి నున్నగా కనిపించినా సరే. గోరుతో గీకి చూడు.

అసలు సంగతి బేరింగుకీ జర్నల్‌కీ (క్రాంక్ మీద బేరింగు కూర్చునే గుండ్రటి భాగం) మధ్య సందు. జర్నల్ 50 మి.మీ. అనుకుంటే సుమారు 0.05 మి.మీ. ఉండాలి. కచ్చితమైన లెక్క ఆ బండి మాన్యువల్‌లోదే. సందు రెండింతలైతే అదే ప్రెషర్‌కి పక్కల నుంచి కారే ఆయిల్ దాదాపు ఎనిమిదింతలవుతుంది. ఒక్క బేరింగు వదులైతే మిగతావాటికీ ఆయిల్ చాలదు. అందుకే శబ్దం వచ్చేదాకా ఆగమంటే నాకు బాధేస్తుంది. అప్పటికి క్రాంక్ కూడా పోతుంది.

ప్లాస్టిగేజ్ తెచ్చుకో. మైనపు పోగులా ఉంటుంది. జర్నల్ ఆయిల్ తుడిచి, పోగు పొడవునా పెట్టి, క్యాప్ సరైన టార్క్‌తో బిగించి విప్పు. మధ్యలో క్రాంక్ తిప్పకూడదు. నలిగిన వెడల్పును కవరు మీది స్కేలుతో చూసుకో. జర్నల్ కోడిగుడ్డులా అయిందేమో మైక్రోమీటర్‌తో నిలువుగా, అడ్డంగా కొలిపించు. గుండ్రంగా ఉండి, గీతలు పడకుండా, సైజు మాన్యువల్ లెక్కలోనే ఉంటే గ్రైండింగ్ అక్కర్లేదు, స్టాండర్డ్ బేరింగులు చాలు. మళ్లీ ఇంజిన్ దించే కూలీ ముందు ఆ సెట్టు ఖరీదు ఎంత?

గుంటూరు_లారీ:
కొలవడానికి నేనూ ఒప్పుకుంటా. కానీ అనవసరంగా గ్రైండింగ్‌కి పంపొద్దు. నైట్రైడింగ్ చేసిన క్రాంక్ అయితే పైన గట్టి పొర పోతుంది. కొలత సరిగ్గా వచ్చి పూత నిండుగా ఉంటే పాతవే ఏ చోటివి ఆ చోట వేయడం తప్పని ఇప్పటికీ అనను.

ఆటోనగర్_లేత్:
గ్రైండింగ్ గురించి మీ మాటే నా మాట. బేరింగుల దగ్గర మాత్రం ఒప్పుకోలేను అన్నా. ఇంకో లక్ష కి.మీ. తిరగాల్సిన ట్యాక్సీ అది.

ఖమ్మం_ఇండికా:
కాన్‌రాడ్లు కొలిపించాను. ఒకటి, మూడు, నాలుగు 0.06 లోపే. రెండోది 0.09, పై ముక్కలో రాగి కనిపిస్తోంది. జర్నళ్లు నాలుగూ గుండ్రంగానే ఉన్నాయట. కాన్‌రాడ్ సెట్టు మొత్తం కొత్తది చెప్పాను. మెయిన్లు రేపు విప్పుతున్నాం.