చర్చ: యాప్ మనల్ని అడగాలా, ముందే ఊహించి చేసేయాలా?

పిక్సెల్ పంతులు:
మా టీమ్‌లో కొన్నాళ్లుగా ఇదే గొడవ. మనిషి అడగకముందే అవసరం కనిపెట్టి చేసిపెట్టేలా డిజైన్ చేయాలని నేనంటాను. ఓటీపీనే చూడండి. ఒకప్పుడు మెసేజ్ తెరిచి, ఆ అంకెలు నోట్లో వల్లె వేసుకుంటూ వెనక్కి వచ్చేసరికి టైమ్ అయిపోయేది. 2018లో ఐఫోన్ వాటిని కీబోర్డు పైనే చూపించడం మొదలుపెట్టింది. ఇప్పుడు అది ఎవరికీ వింత కాదు. అమెజాన్ అయితే ఆర్డర్ పెట్టకముందే వస్తువును మన దగ్గరి గోదాము వైపు పంపే పద్ధతికి 2013లోనే పేటెంట్ తీసుకుంది. ప్రతి స్క్రీన్‌లో నాలుగు ప్రశ్నలు వేసి జనాన్ని విసిగించడం కంటే ఇది మేలు కాదా?

తెనాలి కుర్రాడు:
ఓటీపీ మంచి ఉదాహరణే కానీ అక్కడ ఊహించిందేమీ లేదండీ. మెసేజ్ వచ్చింది, చూపించింది, నొక్కేది మనమే. నాకు నచ్చిన డిజైనర్ మా ఊరి మెస్‌లో వడ్డించే పెద్దాయన. పప్పు అయిపోతోందని విస్తరి చూసే కనిపెట్టి గిన్నెతో వచ్చేస్తాడు. వద్దనుకుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చాలు, మారు మాట్లాడకుండా పక్క విస్తరికి వెళ్లిపోతాడు. మీ యాప్‌లో ఆ అడ్డం పెట్టే వీలు ఎక్కడుంది? సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అందులో ఇంకో మూడు పేజీలు దాటాక ఉంటే అది లేనట్టే లెక్క.

పాత కంప్యూటర్:
మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో పేపర్ క్లిప్ బొమ్మ గుర్తుందా ఎవరికైనా? ‘డియర్’ అని కొట్టగానే, ఉత్తరం రాస్తున్నట్టున్నారు, సాయం కావాలా అంటూ ఊడిపడేది. వద్దంటే పోయేది, మళ్లీ వచ్చేది. చివరికి ఆఫీస్ 2007లో పూర్తిగా పీకేశారు. ఊహ తప్పు కాదు, నిజంగానే ఉత్తరమే రాస్తున్నాం. అయినా చిరాకే. ఊహ కరెక్టయితే చాలనుకునే డిజైనర్లు దాన్ని ఒకసారి తలుచుకోవాలి.

పిక్సెల్ పంతులు:
ముప్పై ఏళ్ల నాటి బొమ్మతో ఇప్పటివాటిని కొట్టేస్తే ఎలా సార్? పెద్ద విషయానికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ మొదలైనప్పుడే 161 ప్రభుత్వ సేవలు పెట్టారు. బాగుంది. కానీ అందులో తనకు ఏది వర్తిస్తుందో వెతుక్కునే పని ముసలమ్మదేనా? యూరప్‌లోని ఎస్టోనియాలో 2019 నుంచి బిడ్డ పుట్టినట్టు నమోదైతే చాలు, తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టకుండానే వాళ్లకు ఏమేం రావాలో ప్రభుత్వమే లెక్కగట్టి ముందు పెడుతుంది. మనకు కావాల్సింది అదే.

నెట్ సెంటర్ నర్సన్న:
అన్నా, నేను ఊళ్లో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతా. ఆ లెక్కగట్టేది తప్పితే ఏమైతదో మేం చూసినం. మా తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. వాహనాలు, ఆస్తులు ఇట్లా వేరువేరు శాఖల రికార్డులు కలిపి, ఈ పేరు మనిషి, ఆ పేరు మనిషి ఒక్కరేనా అని అంచనా వేస్తది. మీ పేరు మీద కారుందని తేలిందా, రేషన్ కార్డు పోయినట్టే. ఇగ మా పేర్ల సంగతి మీకు తెలియనిదా? ఒక్క వాడలోనే నలుగురు కె.లక్ష్మిలు. ఒకామెకు ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఓటరు కార్డులో అత్తింటిది. భర్త పేరు ఒకచోట యాదగిరి, ఇంకోచోట యాదయ్య. మెషీన్‌కు ఏం తెలుస్తది? నోటీసు ఇయ్యకుండా కంప్యూటర్ లెక్క మీద కార్డులు తీసేసిన్రని కేసు వేస్తే, 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

పిక్సెల్ పంతులు:
అది అనర్హులను ఏరే వ్యవహారం కదా నర్సన్నా. నేను మాట్లాడేది సౌకర్యం గురించి.

నెట్ సెంటర్ నర్సన్న:
రెండూ ఒకటే మిషన్ అన్నా. నీకు ఇది కావాలి అని చెప్పేదే, నీకు ఇది అక్కర్లేదు అని కూడా చెప్తది. కావాలన్నది తప్పైతే నాకొక అనవసరపు మెసేజ్ వస్తది. అక్కర్లేదన్నది తప్పైతే ఇంట్ల బియ్యం ఉండవు. మీరు రెండింటినీ ఒకే స్క్రీన్ మీద గీస్తున్నరు.

విశాఖ అక్క:
నర్సన్న గారి మాటతో నా ఓటు మారింది. నేను బ్యాంకింగ్ యాప్‌ల మీద పనిచేస్తాను. నెలనెలా డబ్బు దానంతటదే కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్లకు, కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కు చెప్పాలని, అక్కడే వద్దనే వీలుండాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలైంది. అప్పట్లో ‘కస్టమర్‌కు ఇదొక ఇబ్బంది’ అని మా మీటింగుల్లో ఒకటే గోల. ఇప్పుడు నాకే ఆ మెసేజ్ వచ్చినప్పుడు, ఎప్పుడో మర్చిపోయిన యాప్ ఒకటి ఆపేసి హాయిగా ఉంటున్నాను. పంతులు గారూ, మీరు చెప్పిన ఎస్టోనియా కూడా ఇదే దారి. అక్కడ లెక్క వాళ్లు వేస్తారు, తల్లిదండ్రులు చూసి సరే అంటారు. డబ్బు, రేషన్, వైద్యం అయితే చేసేయకూడదు, చూపించి ఆగాలి. ఫోన్ వెలుతురు తగ్గించడం లాంటివాటికి నన్ను అడగక్కర్లేదు, మీ ఇష్టం.

తెనాలి కుర్రాడు:
ఇంకోటి అక్కా. మన అవసరం ఊహిస్తున్నాం అనే పేరుతో వాళ్ల అవసరం దూర్చేవాళ్లు కూడా ఉన్నారు. టికెట్ కొంటుంటే ఇన్సూరెన్స్, విరాళం ముందే టిక్ కొట్టి ఉండటం తెలిసిందేగా. అడక్కుండా బుట్టలో ఇలా వేయడం సహా 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ను, అంటే జనాన్ని బురిడీ కొట్టించే డిజైన్ ఎత్తుగడలను, 2023 నవంబరులో కేంద్రం నిషేధించింది. తీసేద్దామంటే ఆ టిక్ కనిపించి చావదు.

పిక్సెల్ పంతులు:
సరే, టిక్‌ల విషయంలో నేనూ మీ వైపే. కానీ ప్రతిదానికీ ఆగి అడిగితే జనం చదవకుండా ‘ఓకే’ నొక్కుతూ పోతారు, వెబ్‌సైట్లు తెరవగానే అనుమతి అడిగే కుకీల బ్యానర్లకు చేస్తున్నట్టే. దానికి మీ దగ్గర జవాబు లేదు. నేను మాత్రం ఊహించే పని మానను, ప్రతి ఊహ పక్కన ‘ఇది నేను కాదు’ అని ఒక బటన్ పెడతాను. చాలా?

విశాఖ అక్క:
బటన్ సరేనండీ. నొక్కాక అది ఎవరి టేబుల్ మీదకి వెళ్తుంది?

నెట్ సెంటర్ నర్సన్న:
ఇప్పటికైతే నా టేబుల్ మీదకే వస్తున్నరు అక్కా. దాన్ని సరిచేసే లాగిన్ నాకు లేదు.