మెనూను మూడు గీతల వెనక దాచడం సరైనదేనా?

సిరిపురం:
విశాఖ మహారాణిపేటలో, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కి దగ్గర్లో ఉన్న ఒక రక్తపరీక్షల కేంద్రానికి కొత్త వెబ్‌సైట్ తయారు చేస్తున్నాను. యజమానికీ నాకూ ఒక్క దగ్గర మాట కుదరడం లేదు. తెర నిండా కేంద్రం ఫొటో, మూలన మూడు గీతల గుర్తు, మిగతావన్నీ దాని లోపల ఉండాలని ఆయన పట్టు. చూడటానికి శుభ్రంగా ఉంటుందట, పెద్ద సంస్థలన్నీ అలాగే పెట్టుకున్నాయట. జనం దేనికోసం వస్తారో అది కళ్ళెదుటే ఉండాలని నా పట్టు.

ఇప్పుడున్న సైటు కూడా మూడు గీతలదే. అందుకే పోయిన వారం కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని రెండు పూటలు కూర్చున్నాను. పాడేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన భార్య రిపోర్టు కోసం సైటు తెరిచారు. బొటనవేలితో పేజీ చివరి దాకా వెళ్ళారు, మళ్ళీ పైకి వచ్చారు. మైక్రోస్కోపు బొమ్మ మీద నొక్కి కాసేపు ఆగారు. ఏమీ కాలేదు. మళ్ళీ కిందికి వెళ్ళారు. మూడోసారికి ఫోను కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చేతికిచ్చి, "అమ్మా, రిపోర్టు ఇందులో ఎక్కడుందో చూడు" అన్నారు. ఆ మూడు గీతల మీద ఆయన వేలు ఒక్కసారి కూడా పడలేదు. అవి కనబడక కాదు, నొక్కే వస్తువని తోచక.

మీరైతే ఏం చేస్తారు?

రుషికొండ:
సిరిపురం గారూ, మీరు చూసింది కాదనను. దాని మీద మీరిచ్చిన తీర్పుతోనే నాకు పేచీ. "పరీక్షల ధరలు", "ఇంటి వద్దే రక్త సేకరణ" లాంటి మాటలు ఫోను తెర మీద ఒక వరుసలో పట్టవు. అక్షరం చిన్నది చేస్తే "త్త"కూ "త్న"కూ తేడా తెలియదు. వరుసల మధ్య ఎడం తగ్గిస్తే పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడిని తాకుతుంది. ఆరు మాటలు బయట పెట్టి చూడండి, తెరలో పెద్ద ముక్క మెనూకే పోతుంది, అసలు విషయం కిందికి జారిపోతుంది.

ఆ గుర్తు నిన్నమొన్నటిది కూడా కాదు. 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ అనే డిజైనర్ గీసినది. లోపల ఒక జాబితా ఉందని చూపడానికే ఆ మూడు గీతలు. ఇన్నేళ్ళుగా ఫోన్లలో చూస్తున్నాం, చాలామందికి అలవాటైంది. ఎక్కడ దాచినా ఏ పేజీకైనా మూడు నొక్కుల్లో చేరేలా చేస్తే చాలు.

ఎంవీపీ కాలనీ:
ఆ మూడు నొక్కుల నియమాన్ని ఇకనైనా వదిలేద్దాం. 2003లో జాషువా పోర్టర్ అనే వెబ్ పరిశోధకుడు దాన్ని పరీక్షించి చూస్తే, మూడో నొక్కు దాటగానే జనం విసుగెత్తి వెళ్ళిపోతారన్నది నిలబడలేదు. వెళ్తున్న దారి సరైనదే అనిపిస్తే మనిషి ఆరుసార్లయినా నొక్కుతాడు. అనుమానం వస్తే మొదటి నొక్కుకే ఆగిపోతాడు. పాడేరు పెద్దాయన విషయంలో జరిగింది అదే.

మెనూలో ఏడుకు మించి ఉండకూడదన్న మాటా ఇలాంటిదే. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసింది మనిషి తలలో ఒకేసారి ఎన్ని నిలుపుకోగలడన్న దాని గురించి. మెనూ తెర మీద కనబడుతూనే ఉంటుంది, దాన్ని ఎవరూ తలలో మోయనక్కర్లేదు.

దాచడం గురించి లెక్క కూడా ఉంది. 2016లో, సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ అనే సంస్థ ఆరు సైట్లను 179 మందితో పరీక్షించింది. కంప్యూటర్ మీద దాచిన మెనూను వాడింది 27 శాతం సందర్భాల్లోనే. బయట ఉన్నప్పుడు దాదాపు సగం.

రుషికొండ:
ఆ లెక్కలో రెండో సగం కూడా చెప్పండి. అదే పరీక్షలో ఫోను మీద దాచిన మెనూను 57 శాతం సందర్భాల్లో వాడారు. ముఖ్యమైనవి కొన్ని బయట, మిగతావి లోపల పెట్టినప్పుడు అది 86 శాతం. అంటే లోపల పెట్టడమే నేరం కాదు. రక్తపరీక్షల కేంద్రం సైటుకు వచ్చేవారంతా ఫోన్ల మీదే వస్తారు కదా.

పూర్ణా మార్కెట్:
నేను సాంకేతిక మనిషిని కాను, కిరాణా కొట్టు నడుపుతాను. అయినా ఒక మాట. మెనూ ఎక్కడ పెట్టాలని అందరూ వాదిస్తున్నారు, అందులో ఏం రాయాలని ఎవరూ అడగడం లేదు. మొన్న ఒక సైటులో కరెంటు బిల్లు రసీదు కోసం వెతికాను. మెనూ బయటే ఉంది, పెద్ద అక్షరాలతోనే ఉంది. "సేవలు", "సమాచారం", "వినియోగదారుల విభాగం". రసీదు ఈ మూడింటిలో దేనిలో ఉంటుంది? మూడూ తెరిచి చూశాను. చివరికి "సమాచారం"లో, "డౌన్‌లోడ్‌లు" కింద దొరికింది.

నా కొట్లో సీసా మీద చీటీ అంటిస్తే "సుగంధ ద్రవ్యాలు" అని అంటించను, "లవంగాలు" అనే అంటిస్తాను. మా పనివాడు కొత్తవాడైనా చెయ్యి నేరుగా అక్కడికే వెళ్ళాలి.

సిరిపురం:
అయ్యా, మీరు సరిగ్గా నొప్పి ఉన్నచోట వేలు పెట్టారు. నా నమూనాలో "నివేదికలు" అని రాశాను, మంచి తెలుగు అనుకుని. కౌంటర్ దగ్గర రెండు పూటల్లో ఆ మాట ఒక్కరి నోటా వినలేదు. "రిపోర్టు వచ్చిందా?" అనే అడుగుతారు. తెలుగు మీద ప్రేమతోనే రాశాను గానీ, జనం వాడే మాటను తీసేసి వారు వెతకని మాట పెట్టడం ప్రేమ కాదు. ఈ రోజే మార్చాను.

గాజువాక:
ఇంత చర్చ ఎందుకు? వెతికే పెట్టె ఒకటి పైన పెట్టేయండి. కావలసింది టైపు చేస్తారు, దొరుకుతుంది.

ఎంవీపీ కాలనీ:
గాజువాక గారూ, ఏ అక్షరాల్లో టైపు చేస్తారు? మా ఇంట్లోనే మా నాన్నగారు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, మా అమ్మ అదే మాటను ఇంకోలా రాస్తుంది. షుగర్ పరీక్షను ఒకరు "షుగర్" అంటారు, ఒకరు "మధుమేహం" అంటారు, డాక్టరు చీటీలో "హెచ్‌బీఏ1సీ" అని ఉంటుంది. ఇవన్నీ ఒక్కచోటికి చేర్చే పని ఎవరైనా ఓపికగా చేస్తేనే ఆ పెట్టె పనికొస్తుంది. పైగా వెతకాలంటే పేరు తెలిసి ఉండాలి. మెనూ అయితే చూసి గుర్తుపడితే చాలు.

భీమిలి శ్రోత:
నాకు చూపు లేదు. ఫోను చదివి వినిపిస్తుంటే వింటూ వాడతాను. ఈ చర్చలో అందరూ "కళ్ళెదుట" అంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

మూడు గీతలు నాకు శత్రువు కాదు. పేరు లేని మూడు గీతలు శత్రువు. దాని మీదికి వచ్చినప్పుడు నా ఫోను "మెనూ, మూసి ఉంది, బటన్" అని పలికితే నాకు చాలు, తెరుచుకుని లోపలికి వెళ్తాను. చాలా సైట్లలో "బటన్" అని మాత్రమే పలుకుతుంది. పక్కన ఇంకోటి, అది కూడా "బటన్". ఏది మెనూయో ఏది ఫోను కలిపేదో నొక్కితే గానీ తెలియదు. ఒకసారి అలా నొక్కి, రాత్రి పదకొండింటికి ఎవరినో నిద్ర లేపాను.

అలాగని అంతా బయట పెట్టినా నాకు సుఖం లేదు. పద్దెనిమిది లింకులు బయట ఉంటే, ప్రతి పేజీలోనూ ఆ పద్దెనిమిదీ విన్నాకే అసలు విషయానికి చేరతాను. అందుకే మొదట్లోనే "నేరుగా విషయానికి వెళ్ళండి" అనే లింకు, పేజీలో సరైన శీర్షికలు కావాలి. శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ వెళ్ళడమే నా నడక. లింకుల జాబితా తెరిస్తే "ఇక్కడ నొక్కండి" అని ఏడుసార్లు వినిపించే సైట్లున్నాయి. ఎక్కడ నొక్కాలి?

ఇది దయ అడగడం కాదు. డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది.

రుషికొండ:
భీమిలి శ్రోత గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను చేసిన సైట్లు తెరిచి చూసుకున్నాను. నాలుగింటిలో మూడింట్లో ఆ బటన్‌కు పేరు లేదు. ఈ రాత్రికి సరిచేస్తున్నాను.

ఇంకో ఆలోచన. బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన కుర్సురా జలాంతర్గామి చూశారు కదా. ఒక చివర ఎక్కుతాం, ఇంకో చివర దిగుతాం. మధ్యలో దారి తప్పే వీలే లేదు. రక్తపరీక్షల కేంద్రానికి వచ్చేవారిలో ఎక్కువమందికి పని ఒక్కటే, రిపోర్టు. మొదటి పేజీలోనే బిల్లు నంబరు పెట్టె, ఫోనుకు ఓటీపీ, వెంటనే రిపోర్టు. వారికి మెనూతో పనే ఉండదు.

సిరిపురం:
రిపోర్టు వరకూ మీ మాట ఒప్పుకుంటున్నాను, ఆ పెట్టె మొదటి పేజీలోనే వస్తుంది. కానీ కుర్సురాకు ఎక్కే తలుపు ఒక్కటే, సైటుకు వంద తలుపులు. థైరాయిడ్ పరీక్ష ధర అని గూగుల్‌లో వెతికినవారు నేరుగా ఆ పేజీలోకి దూకుతారు, మొదటి పేజీ చూడనే చూడరు. అక్కడ నిలబడ్డవారికి తామెక్కడున్నారో తెలియాలి. "మొదటి పేజీ › పరీక్షల ధరలు › థైరాయిడ్" అని పైన ఒక చిన్న వరుస వేస్తున్నాను.

యజమానితో నిన్న సాయంత్రం మళ్ళీ కూర్చున్నాను. ఫొటోలో తెల్లకోట్ల మీద తెల్లటి గీతలు పడి అవి కనబడటమే లేదని ఆయన ఫోనులోనే, ఎండలో నిలబెట్టి చూపించాను. గుర్తుకూ వెనక రంగుకూ వెలుగులో కనీసం 3:1 తేడా ఉండాలన్నది వెబ్ ప్రమాణం. ఫొటో సగానికి తగ్గించడానికి ఒప్పుకున్నారు. "రిపోర్టు", "ధరలు", "ఇంటికి రమ్మనండి" ఈ మూడూ తెర అడుగున, బొటనవేలికి అందేచోట. మిగతావి లోపల, గీతల పక్కనే "మెనూ" అన్న మాటతో. మూడింటికి మించి బయట పెట్టనన్నారు. ఆ నాలుగోది, "ఎలా రావాలి" అన్నది, బయట ఉండాలనే నేనింకా అంటున్నాను. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కేజీహెచ్‌కు వచ్చి, అక్కణ్ణుంచి దారి అడుగుతూ వచ్చేవారు ఎంతమందో కళ్ళారా చూశాను.

శనివారం ఉదయం ఏడింటికి కొత్త నమూనాతో కౌంటర్ దగ్గరే ఉంటాను. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చేవారితో రద్దీగా ఉండే వేళ అది. వీలున్నవారు రండి.

భీమిలి శ్రోత:
మొదటి బస్సుకు బయలుదేరతాను. మెనూ బటన్‌కు పేరు పెట్టారో లేదో ముందు అదే వింటాను.