యతి దగ్గర ఆగాలా, అర్థం దగ్గర ఆగాలా?

లంక బుల్లోడు:
మాది రాజోలు దగ్గర లంకండి. మా పాపది ఆరో తరగతి. బడిలో పద్యాల పోటీకి ‘లావొక్కింతయు లేదు’ ఇచ్చారు. యతి దగ్గర ఊపిరి తీసుకోమన్నారట. పొద్దున్నే అరుగెక్కి ‘ధైర్యము విలో’ అని ఆగి, ‘లంబయ్యె’ అని మళ్లీ ఎత్తుకుంటోంది. కొబ్బరి కోరుతున్న మా అమ్మ ‘విలో ఏంటే, లంబయ్యేంటే!’ అంది. ఎవరిది రైటు?

హార్మోనియం పెట్టె:
అమ్మగారిదే, తమ్ముడూ. సంస్కృతంలో యతంటే విరామం, మాట అక్కడ తెగాలి. మన యతి అక్షరాల జత, అంతే. ఈ పద్యం శార్దూలమనే ఛందస్సు, అందులో పాదం మొదటి అక్షరానికి 13వ అక్షరం కలవాలి. లాకి లం కలిసింది, చెవికి తగిలింది, చాలు. మూడో పాదంలో యతి ‘మన్నింప’ నడుమ పడింది, నాలుగోదాంట్లో ‘సంరక్షింపు’ నడుమ. అక్కడల్లా ఆగితే గజేంద్రుడికి ఎక్కిళ్లొచ్చినట్టుంటుంది.

ఆగాల్సింది క్రియల దగ్గర. లేదు, తప్పెను, వచ్చె, డస్సెన్... పోతన ముక్కలు ముక్కలుగా తెంపాడు. ఏనుగు ఆయాసం అది. ‘నీవే’ దగ్గర మాత్రం గొంతు సాగాలి.

పాలకొల్లు, భీమవరం వైపు తిరునాళ్లలో పద్యనాటకాలకి చాలా ఏళ్లు వాయించాను. తిరుపతి వేంకట కవుల ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ కూడా శార్దూలమే (చెళ్లపిళ్ల వారిది మన కడియమే, ఆయ్). ఒక కృష్ణుడు ‘బావా’ మీద నా వేళ్లు నొప్పెట్టేదాకా రాగం తీసేవాడు. వన్స్‌మోర్లు పడేవి, అర్థం మాత్రం పోయేది. ఇంకొకాయన ‘బావా’ని ముద్దుగా మింగేసి ‘ఎప్పుడు’ని కాస్త మెలితిప్పేవాడు. దొంగనిద్ర పోయినవాడికి సుయోధనుడు ఎప్పుడొచ్చాడో తెలీదా? జనం గొల్లున నవ్వేవారు. నాకాయనే ఇష్టం.

తెలుగు పంతులమ్మ:
టీచరు తరఫున ఒక మాట. యతి చెవికి పట్టాలని మొదట్లో మేమూ అక్కడ ఆపిస్తాం. గణాలు నేర్పేటప్పుడు తప్పులేదు. పోటీకి మాత్రం పెట్టెగారు చెప్పినట్టే. ఇంకోటి, ‘రావే యీశ్వర’లో ‘రావే’ని పైకి ఎత్తనివ్వకండి. కిందికి దిగాలి, అది బతిమాలడం.

లంక బుల్లోడు:
థాంక్సండి. ఇవాళ ‘డస్సెన్’ దగ్గర చక్కగా ఆగింది. ‘రావే’ దగ్గరే ఇంకా తేడా. ‘ఈశ్వరుణ్ణి పిలవమంటే గేదెని తోలుకొస్తున్నావేంటే’ అంటోంది మా అమ్మ. పోటీ శుక్రవారం.