అప్‌డేట్: గ్రెనడాలో సముద్రం పక్కన ఇల్లు తీసుకున్నాం

మా ఆయనకి కరీబియన్ సముద్రంలోని దీవుల దేశం గ్రెనడాలో ఉద్యోగం వచ్చింది, లాన్స్ ఓ ఎపీన్‌లో బీచ్ పక్కనే ఇల్లు తీసుకోవచ్చా అని జనవరిలో అడిగాను. "తీసుకోండి, ఉప్పుగాలితో జాగ్రత్త" అన్నవాళ్లందరికీ థాంక్స్.

తీసుకున్నాం. ఉప్పుగాలి సంగతి అక్షరాలా నిజం. స్టౌ స్క్రూలు రెండో నెలకే తుప్పుపట్టాయి. తలుపు గడియకి వారానికోసారి నూనె రాస్తున్నాను. మిక్సీ మాత్రం హాయిగా తిరుగుతోంది. ఇక్కడా 230 వోల్టులే, ప్లగ్ ఒక్కటే బ్రిటిష్ రకం.

నా అసలు భయం ఒంటరితనం. సాయంత్రం ఆరున్నరకి చీకటి పడితే కప్పల అరుపు, అలల చప్పుడు, అంతే. అమ్మకి ఫోన్ చేద్దామంటే అక్కడ తెల్లవారుజాము నాలుగు. మొదటి నెల ఏడ్చాను కూడా.

మార్పు కూరల మార్కెట్లో మొదలైంది. నేరుగా "ఎంత?" అని అడిగితే ముభావంగా ఉండే ఆవిడ, నేను ముందు "గుడ్ మార్నింగ్" అన్న రోజు నవ్వేసింది. ఇక్కడ పలకరించకుండా మాట మొదలుపెట్టడం అమర్యాద. కాలలూ సూపుకి వాడే ఆకు చూపించింది. చూస్తే మన చేమాకు! గొంతు దురద పెట్టకుండా బాగా ఉడికించమని కూడా చెప్పింది. ఆ రాత్రి చింతపండు వేసి పులుసు పెట్టాను.

జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. 2024 జులై 1న బెరిల్ తుపాను ఈ దేశానిదే అయిన కారియాకూ దీవిని ఊడ్చేసింది. అందుకే నీళ్లు, టార్చి, మందులు, పాస్‌పోర్టులు సర్ది పెట్టాం.

లీజు ఇంకో ఏడాది పొడిగించాం. డిసెంబరులో అమ్మ వస్తోంది.