ధర్మాబాద్ నుంచి జైసల్మేర్: కారవానా, రైలా?

మిర్చి_సావుకారి (ధర్మాబాద్):
డిసెంబర్ల జైసల్మేర్ పోదామనుకుంటున్నం. బాపు, అవ్వ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. బాపుకు మోకాళ్ల నొప్పి. కారవాన్, అంటే లోపటనే పండుకునుడు, వండుకునుడు, సండాసు అన్నీ ఉండే బండి, కిరాయికి తీసుకొని ఇంటి నుంచే పోదామని నేను. జోధ్‌పూర్ దాకా రైలు, ఆడికెల్లి టాక్సీ అని మా ఆమె. ఏది మంచిదో చెప్పుండ్రి.

బల్లార్షా_డ్రైవర్:
రైలే తమ్మీ. పోవుడే 13 వందల కిలోమీటర్లు దాటుతది, ఒక్కనివే నడుపుతవా? పోయినేడు నేను టెంపో ట్రావెలర్‌ను మార్చిన బండి కొంటవోయిన. రోడ్డు మీద రాజా బతుకే. పోఖ్రాన్ దాటినంక సీదా రోడ్డు, అటు గాలిమరలు, ఇటు ఒంటెలు, ఎక్కడ ఆపితే అక్కడ చాయ్ పెట్టుకున్నం. ఊర్లకు వచ్చినంకనే బేజారు. జైసల్మేర్ కోట గల్లీలల్ల మనిషికి ఆవు ఎదురైతేనే సందుండది. బండి గుట్ట కిందనే ఆగుతది, బాపు ఎక్కుడు ఎట్లాగూ కాళ్లతోనే. సామ్ ఇసుక దిబ్బల కాడ ఫొటో కోసమని రోడ్డు దించిన, ఎనక టైర్లు ఇసుకల కూరుకపోయినయ్. ట్రాక్టరాయన గుంజిండు, అడిగినంత ఇచ్చిన.

దేగ్లూర్_టీచర్:
నాది ఉల్టా మాట. కోట లోపటి హోటళ్లల్ల దిగుడే తప్పు. 1156ల రావల్ జైసల్ మొదలువెట్టిన కోట అది, బిందెలతోని నీళ్లు మోసుకునే రోజులది. నల్లాలొచ్చినయ్, హోటళ్లొచ్చినయ్, వాడిన నీళ్లు గుట్ట మట్టిలకు ఇంకి బురుజులే కూలినయ్. మన బండ్ల మనం పండుకుంటే ఆ కోటకు కొన్ని బకెట్లన్న తక్కువైతయ్. అసలు ఆ ఊరు బతికిందే సరుకు మోసే ఒంటె బిడారుల మీద. పట్వాల హవేలీలు, ఆ పెద్ద మేడలు, వ్యాపారం పైసలతోని లేచినవే. సరుకు బొంబాయి రేవుకు మళ్లినంక ఊరు వాడింది, 1947ల సరిహద్దు పడి పాత తొవ్వలే మూతబడ్డయ్. మన తాతలు మాహుర్ గుడికి బండ్లు కట్టుకొని పోయి ఎడ్ల కాడనే పండుకోలేదా?

బల్లార్షా_డ్రైవర్:
టీచరమ్మా, ఎడ్లబండికి సండాసు టాంకు లేకుండె. కారవాన్‌ది రెండు దినాలకోసారి ఖాళీ చెయ్యాలె. కోటను కాపాడి ఎడారిల పారబోద్దామా? నేనైతే ఒక ధాబాయనను బతిమిలాడి ఆయన సెప్టిక్ టాంకుల పోసిన. సెలవులు పెట్టుకొని పోయి చేసిన పని అది!

సిరోంచ_గట్టు:
ఇంటి నుంచి వద్దు గని, జోధ్‌పూర్‌ల బండి దొరుకుతే రెండు రాత్రులు చూడరాదా. కిరాయి బండికి ఇక్కడికెల్లి తీసుకపోతే టూరిస్ట్ పర్మిట్ అడుగు. రగ్గులు మరువకు, ఎడారిల పగలు ఎండనే, రాత్రి బండి రేకు మంచుగడ్డైతది.

మిర్చి_సావుకారి:
అన్నీ బాపుకు చదివి వినిపించిన. పర్మిట్‌కు ఏమనలే, చలికి ఏమనలే. "వండుకునే కాడనే సండాసా? నేను రాను" అన్నడు. రైలు టికెట్లు చూస్తున్న.

దేగ్లూర్_టీచర్:
రైలు డబ్బాల ఎక్కడుంటదట మరి?

మిర్చి_సావుకారి:
అదే అడిగిన. "రైల్ల మనం వండుకుంటమా?" అంటుండు.